డాబా ఇచ్చే ముందు డ్రోన్ వచ్చే దారి చూడండి

సెక్రటరీ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాజమహేంద్రవరం దానవాయిపేటలో మీ అపార్ట్‌మెంట్ డాబా మీద డ్రోన్లు దిగడానికి చోటు ఇమ్మని ఒక డెలివరీ కంపెనీ అడుగుతోంది. కోటిపల్లి బస్టాండ్ వైపున్న వాళ్ల గోడౌన్ నుంచి ముందు మందులు, ల్యాబ్ శాంపిళ్లు, తర్వాత కిరాణా, భోజనాలు కూడా తెస్తారట. నెలనెలా అద్దె ఇస్తామన్నారు. మెషీన్ చాలా భద్రమైనదని ఒక వీడియో చూపించారు. అసోసియేషన్‌లో సగం మంది సరేనంటున్నారు, సగం మంది పిల్లలు తిరిగే చోటని భయపడుతున్నారు. ప్రమాదం ఎంతో ఎలా తేల్చుకోవాలని అడిగారు.

నేను వరి చేలల్లో మందు కొట్టే డ్రోన్లు, కాలువగట్ల సర్వే డ్రోన్లు నడిపే బృందాలకు భద్రత పని చూస్తుంటాను. చాలా ఏళ్లుగా ఈ గోదావరి జిల్లాల్లోనే. చేలో పది లీటర్ల ట్యాంకుతో పాతిక కిలోల దగ్గర బరువున్న డ్రోన్ కూలితే మహా అయితే నాలుగు దుబ్బులు నలుగుతాయి, బురదలోంచి తీసి కడుక్కుంటారు. అందులో ఐదో వంతు బరువున్నది మీ వీధిలో కూలితే అక్కడ ఉండేది మనిషి. యంత్రాల్లో పెద్ద తేడా లేదు. కింద ఉన్నదే వేరు. అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: డ్రోన్ ఎంత మంచిదన్న ప్రశ్న తర్వాత అడగొచ్చు. అది ఆగిపోయిన క్షణంలో దాని కింద ఎవరుంటారన్నది ముందు తేల్చండి. దానికి జవాబు కంపెనీ వీడియోలో దొరకదు. అది ఎగిరే దారిని బట్టి, ఎగిరే వేళను బట్టి ఉంటుంది.

కంపెనీ ఇచ్చిన కాగితంలో గోడౌన్ నుంచి మీ డాబాకు నేరుగా ఒక గీత ఉందన్నారు. ఆ గీత వెంట ఒకసారి నడిచి చూడండి. కింద మెయిన్ రోడ్డు, దేవీచౌక్ చుట్టుపక్కల సందులు, బట్టల కొట్లు, తోపుడుబండ్లు, బడి వదిలే వేళకు ఆటోల వరస ఉంటాయి. అక్కడున్నవాళ్లెవరూ మందులు ఆర్డర్ పెట్టలేదు, అద్దె తీసుకోలేదు, ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. ప్రమాదం లెక్కగట్టేటప్పుడు మొదట తలుచుకోవాల్సింది వాళ్లనే.

ఇప్పుడు బరువు సంగతి. సరుకుతో కలిపి 5 కిలోల డ్రోన్ 60 మీటర్ల ఎత్తులో ఆగిపోయిందనుకోండి. మూడున్నర సెకన్లలో నేల మీద ఉంటుంది. గాలి అడ్డు తీసేసి చూస్తే, తగిలేటప్పుడు వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది, శక్తి 2,900 జూళ్ల పైచిలుకు. కోనసీమలో కాయలున్న కొబ్బరిచెట్టు కింద ఎవరూ మంచం వేసుకోరు. కిలోన్నర కాయ 15 మీటర్ల నుంచి పడితే వచ్చేది 220 జూళ్లే. అమెరికాలో 2021 నుంచి అమలవుతున్న నిబంధనల్లో, జనం మీదుగా ఎగిరే మూడో కేటగిరీ డ్రోన్ తగిలితే అయ్యే గాయం, 34 జూళ్ల శక్తితో గట్టి వస్తువు తగిలినప్పుడు అయ్యే గాయాన్ని మించకూడదని పెట్టారు. అలాంటివి కూడా ఆరుబయట గుమిగూడిన జనం మీదుగా వెళ్లకూడదు. పడే డ్రోన్ శక్తి అంతా మనిషికే తగలదు. రెక్కలు విరుగుతాయి, చట్రం నలుగుతుంది, కొంత అక్కడే పోతుంది. అయినా 34కూ 2,900కూ మధ్య ఎంత దూరముందో మీ సమావేశంలో అందరికీ చెప్పండి.

కంపెనీవాళ్లు వెంటనే పారాచూట్ ఉందంటారు. ఉంటే మంచిదే, అడగాల్సిందే. కానీ దాన్నీ లెక్కలో పెట్టండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో దించే పారాచూట్ ఉంటే ఆ 5 కిలోల డ్రోన్ శక్తి 62 జూళ్లకు తగ్గుతుంది. ప్రాణం పోయే అవకాశం బాగా తగ్గినట్టే, దెబ్బ మాత్రం తగులుతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. 60 మీటర్ల నుంచి ఆ వేగంతో దిగడానికి 12 సెకన్లు పడుతుంది. సెకనుకు 8 మీటర్ల గాలి ఉంటే ఈలోగా అది వంద మీటర్లు కొట్టుకుపోతుంది. ఖాళీ స్థలం మీద ఆగిన డ్రోన్ పక్క బజారులో దిగుతుందన్నమాట. తక్కువ ఎత్తులో, అంటే మీ డాబాకు దగ్గరపడ్డాక ఆగిపోతే పారాచూట్ విచ్చుకునే వ్యవధే ఉండదు. స్విట్జర్లాండ్‌లో ఆసుపత్రుల మధ్య శాంపిళ్లు మోసే స్విస్ పోస్ట్ డ్రోన్ ఒకటి 2019 మేలో జ్యూరిక్‌లో కూలింది. పారాచూట్ బయటికి వచ్చింది గానీ దాని తాడు తెగిపోయింది. చెట్లలో పడింది, అక్కడికి కొద్ది దూరంలోనే కిండర్‌గార్టెన్ పిల్లలున్నారు. అంత జాగ్రత్తగా నడిపే దేశంలో, అంత పేరున్న సంస్థ చేతిలో జరిగింది. కాబట్టి పారాచూట్ ఉందా అని అడిగి ఊరుకోకండి. ఎంత ఎత్తు నుంచి పనిచేస్తుంది, ఎన్నిసార్లు నిజంగా పడేసి చూశారు, మడత ఎవరు పెడతారు, ఎన్నాళ్లకోసారి మారుస్తారు అని అడగండి.

ఇక అసలు లెక్క. ఇది ఎవరైనా కాగితం మీద వేయొచ్చు. 2011 జనాభా లెక్కల్లో రాజమహేంద్రవరం నగరంలో 3.4 లక్షల మంది, విస్తీర్ణం 44 చదరపు కిలోమీటర్ల చిల్లర. చదరపు కిలోమీటరుకు ఏడున్నర వేల మందికి పైనే. మీటరు వెడల్పున్న డ్రోన్ పడి, కాస్త జారి, ముక్కలు ఎగిరేంత చోటు 5 చదరపు మీటర్లు అనుకుందాం. ఆ చోట మనిషి ఉండే అవకాశం 26లో ఒకటి. నలుగురిలో ముగ్గురు కప్పు కింద ఉన్నారనుకుంటే సుమారు వందలో ఒకటి. ఇప్పుడు డ్రోన్ ఎన్ని గంటలకోసారి పడుతుందో తెలియాలి. లెక్క కోసం వెయ్యి గంటలకు ఒకసారి అని నేను పెడుతున్నాను. మీ కంపెనీ తన లాగ్‌బుక్ తీసి తన అంకె చూపించాలి. గోడౌన్ నుంచి రోజుకు 50 సార్లు, ఒక్కోసారి పది నిమిషాలు ఎగిరితే రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి మూడు వేల గంటలు. అంటే ఏటా మూడుసార్లు ఈ ఊళ్లో ఎక్కడో ఒకచోట డ్రోన్ పడుతుంది. ముప్ఫై ఏళ్లకు పైగా నడిస్తే ఒకరికి తగులుతుంది. వ్యాపారం బాగుండి రోజుకు 500 సార్లు ఎగిరితే మూడేళ్లకోసారి ఒకరికి తగులుతుంది.

జారస్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం తయారుచేసిన సోరా అనే పద్ధతి ఉంది. ఐరోపాలో అనుమతులకు దాన్నే వాడతారు. నేల మీదున్నవాళ్ల విషయంలో అది పెట్టుకున్న గీటు, పది లక్షల ఎగిరే గంటలకు ఒక ప్రాణానికి మించకూడదని. మన లెక్కలో లక్ష గంటలకు ఒకరికి తగులుతోంది. తగిలినవాటిలో సగం ప్రాణం మీదికి తెచ్చేవనుకుంటే, ఆ గీటుకు ఐదు రెట్లు ఎక్కువ. ఐదు రెట్లంటే కొండంత తేడా కాదు. దారి మార్చి, పారాచూట్ పెట్టి, వేళలు చూసుకుంటే ఆ గీటు లోపలికి తేవచ్చు. అందుకే డ్రోన్లే వద్దని నేను అనను.

కానీ ఆ లెక్కలో ఒక మోసం దాగి ఉంది, అది సగటు. దసరా తొమ్మిది రోజులూ దేవీచౌక్ దగ్గర రాత్రి పూట చదరపు మీటరుకు ఒకరుంటారు. అక్కడ పడితే వందలో ఒకటి అన్న లెక్క చెల్లదు. పడిన ప్రతిసారీ కొందరికి తగలడం ఖాయం. కార్తీకమాసం తెల్లవారుజామున స్నానఘట్టాలు, సాయంత్రం పుష్కరఘాట్ దగ్గర గోదావరి హారతి వేళ, సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరులు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది రథోత్సవం, ఇవన్నీ అంతే. కంపెనీ దగ్గర ఉండేది మ్యాపు. మన ఊళ్లో జనం ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ కిక్కిరిసి ఉంటారో మనకే తెలుసు. మీ అసోసియేషన్ చేయగలిగిన అతి విలువైన పని ఒక క్యాలెండర్ రాసివ్వడం. సంత రోజులు, పండగలు, బడి వదిలే వేళలు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్లు, అన్నీ అందులో ఉండాలి. ఆ వేళల్లో ఆ వీధుల మీద ఎగరకూడదని ఒప్పందంలోనే రాయించండి. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి, మర్చిపోకండి.

దారి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ప్రమాదం తగ్గించే మార్గం మన ఊరికి పుట్టుకతోనే ఉంది. గోదావరి. నీళ్ల మీద చదరపు కిలోమీటరుకు ఉండే జనం నాలుగు పడవలంతే. గోడౌన్ నుంచి వీలైనంత దగ్గరి చోట నది మీదికి వెళ్లి, ఒడ్డుకు వంద నూటయాభై మీటర్ల ఎడంగా నదివెంట పైకి వచ్చి, మీ పేటకు దగ్గరైన చోట మాత్రమే ఊళ్లోకి తిరిగితే, ఇళ్ల మీద ఎగిరే దూరం బాగా తగ్గుతుంది. దారి కాస్త పొడుగవుతుంది, బ్యాటరీ కాస్త ఎక్కువ పోతుంది. దానికి కంపెనీ గొణుగుతుంది. గొణగనివ్వండి. నదివెంట వచ్చినా ఘాట్ల ముందు నుంచి కాకుండా నీటి మీద లోపలికి జరిగి వెళ్లాలి. వంతెనలను దాటేటప్పుడు వాటి వెంబడి ఎగరకుండా అడ్డంగా, త్వరగా దాటాలి. రైలు వంతెన మీద 25 వేల వోల్టుల తీగలుంటాయి, రోడ్డు వంతెన మీద బండ్ల వరస ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చాలామంది ఆపరేటర్లు కూడా దీన్ని పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సిగ్నల్ తెగినా, బ్యాటరీ అనుకున్నదానికంటే ముందే తగ్గినా డ్రోన్ తనంతట తాను బయలుదేరిన చోటికి తిరిగిపోతుంది. దాన్ని ఆర్‌టీహెచ్, అంటే రిటర్న్ టు హోమ్ అంటాం. మామూలు సెట్టింగుల్లో అది ముందే పెట్టిన ఎత్తుకు లేచి, వచ్చిన దారి వదిలేసి, తిన్నగా ఇంటిదారి పడుతుంది. మీరు ఎంత కష్టపడి నదివెంట దారి గీయించినా, సిగ్నల్ పోయిన మరుక్షణం అది మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లిపోతుంది. అంటే డ్రోన్ ఆరోగ్యం బాగాలేనప్పుడే అది జనం మీదుగా ఎగురుతుందన్నమాట! పైగా ఆ ఎత్తు తక్కువ పెట్టి ఉంటే మధ్యలో సెల్ టవర్, వాటర్ ట్యాంకు, కొత్తగా లేచిన ఐదంతస్తుల మేడ ఏదో ఒకటి తగులుతుంది. చేల దగ్గర మా బృందాలకు నేను ప్రతి ఉదయం చెప్పే మొదటి పని, ఆ పొలం చుట్టూ ఎత్తైన కొబ్బరిచెట్టు ఏదో చూసి ఆర్‌టీహెచ్ ఎత్తు దానికంటే పది మీటర్లు పైన పెట్టమని. ఊళ్లో అయితే అది చాలదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లేలా ముందే రాసిపెట్టాలి, లేదా నది ఇసుకమేటల్లో, ఖాళీ స్థలాల్లో అత్యవసరంగా దిగడానికి రెండు మూడు చోట్లు గుర్తించాలి. వానాకాలంలో ఆ ఇసుకమేటలు మునిగిపోతాయి కాబట్టి జూలై నుంచి అక్టోబరు దాకా వేరే చోట్లు చూపించాలి. ఈ ఒక్క ప్రశ్నకు కంపెనీ మనిషి తడుముకోకుండా జవాబు చెప్పాడంటే పని తెలిసినవాళ్లని అర్థం. తడుముకున్నాడంటే మిగతావి అడగనక్కర్లేదు.

తీగల గురించి. మన వీధుల్లో 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల కరెంటు లైన్లు మేడల బాల్కనీలకు చేయి చాపినంత దూరంలో పోతాయి. వాటికి తోడు ఈ మేడ నుంచి ఆ మేడకు కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగలు, బట్టల దండేలు, పావురాల వలలు. సన్నని తీగను డ్రోన్ కెమెరా నమ్మకంగా చూడలేదు, ముఖ్యంగా ఎదురెండలో. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పక్కనున్న లోగన్‌లో 2022 సెప్టెంబరులో భోజనం తెస్తున్న వింగ్ కంపెనీ డ్రోన్ 11 కేవీ తీగల మీద దిగి కాలిపోయింది, సుమారు 2 వేల ఇళ్లకు కరెంటు పోయింది. మ్యాపులో లేనివి కూడా వచ్చిపడతాయి. 2025 అక్టోబరులో అమెరికాలోని ఆరిజోనాలో అమెజాన్ డ్రోన్లు రెండు ఒకే క్రేన్‌కు తగిలి పడ్డాయి. దానవాయిపేటలో ఏ వీధిలో ఎప్పుడు ఏ పాత మేడ కూల్చి కొత్తది లేపుతారో చెప్పలేం. దారిని నెలకోసారైనా ఎవరో ఒకరు కాలినడకన తిరిగి చూసుకోవాలి. సరుకును తాడుతో కిందికి దించే పద్ధతయితే ఆ తాడు మీ దండేనికో డిష్‌కో చిక్కుకుంటే ఏం చేస్తారో కూడా అడగండి. తాడును వదిలేసి పైకి లేచే ఏర్పాటు ఉండాలి.

ఆకాశంలో కూడా మనం ఒంటరిగా లేం. మధురపూడి విమానాశ్రయం నుంచి సముద్రంలోని రిగ్గులకు ఓఎన్‌జీసీ హెలికాప్టర్లు డెల్టా మీదుగా వెళుతుంటాయి. మంత్రులు వచ్చినప్పుడు, వరదలప్పుడు ఎక్కడ పడితే అక్కడ హెలిప్యాడ్‌లు వెలుస్తాయి. హెలికాప్టర్ దిగేటప్పుడు డ్రోన్ ఎగిరే ఎత్తులోకే వస్తుంది. ఆ డ్రోన్ హెలికాప్టర్ తోక రెక్కకు తగిలితే పోయేది కింద ఉన్న ఒక్క ప్రాణం కాదు. పెళ్లిళ్ల వీడియో డ్రోన్లు ఇంకో బెడద. ఏ అనుమతీ లేకుండా ఫంక్షన్ హాలు మీద ముహూర్తానికి లేచి నిలబడతాయి. ఇక గద్దలు. చేపల, రొయ్యల చెరువులున్న భీమవరం, ఆకివీడు వైపు, కొల్లేటి దాపున పక్షులు మరీ ఎక్కువ, మీ పేటలోనూ చేపల మార్కెట్ చుట్టూ తిరిగేవి ఉంటాయి. గూళ్లు పెట్టే కాలంలో వాటి హద్దులోకి ఏది వచ్చినా మీద పడతాయి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 2021లో ఒక కాకి జాతి పక్షి డెలివరీ డ్రోన్ మీద దాడిచేస్తే ఆ పేటలో సేవ కొన్నాళ్లు ఆపుకున్నారు. సంక్రాంతికి గాలిపటాల మాంజా కూడా అంతే, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు ఆగుతుంది. భోగి ముందు నుంచి ముక్కనుమ దాకా మీ పేట మీద ఎగరొద్దని రాయించండి. ఆ రోజుల్లో నది మీద మంచు కూడా దట్టంగా ఉంటుంది.

వాతావరణం మీద ఎక్కువ చెప్పను. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండకు గాలి పలచబడి డ్రోన్‌కు ఎక్కువ శ్రమ, బ్యాటరీ వేడెక్కుతుంది. సాయంత్రం ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి దానికంటే ప్రమాదం. కాకినాడ, అంతర్వేది లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి. ఎంత గాలి దాటితే ఎగరరో, వానలో ఎగురుతారో లేదో అంకెలతో రాసివ్వమనండి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజుల్లో ఎగరకూడదు, ఇందులో బేరం లేదు.

చట్టం వైపు మీరు చూడాల్సిన కాగితాలు ఇవి. డ్రోన్ నిబంధనలు 2021 ఆగస్టులో వచ్చాయి. వాటి ప్రకారం 250 గ్రాములు దాటినవాటికి థర్డ్ పార్టీ బీమా ఉండాలి. మోటారు వాహనాల చట్టంలోని పరిహారం పద్ధతే దీనికీ వర్తిస్తుంది. డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య, ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే టైప్ సర్టిఫికెట్, నడిపేవాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మ్యాపులో ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, కానీ విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే, ఇంకా దగ్గరికి పోతే అనుమతి కావాలి. విమానాశ్రయానికి మీకంటే దగ్గరగా ఉన్న లాలాచెరువు వైపు మీకు తెలిసినవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే, ఈ జోన్లు చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకోమనండి. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో విడతకు 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్, అంటే ఎగరకూడని చోటు, ప్రకటించవచ్చు. కాబట్టి మ్యాపును ఎగిరిన ప్రతిసారీ చూడాలి, ఒప్పందం రోజున ఒకసారి చూస్తే సరిపోదు. అన్నిటికంటే ముఖ్యమైనది, గోడౌన్ దగ్గర నిలబడ్డ పైలట్‌కు మీ డాబా కనబడదు. కనుచూపు దాటి ఎగరడానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఆ కాగితం అసలుది చూపించమనండి, "అప్లై చేశాం" అంటే కుదరదు. ప్రమాదం జరిగితే 48 గంటల్లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలపాలి. ఆ నివేదిక నకలు మీకూ ఇవ్వాలని ఒప్పందంలో చేర్చండి.

మీ డాబా మీద ఏం కావాలో కూడా చెబుతాను. దిగే చోటు చుట్టూ వల కంచె, మెట్ల తలుపుకు తాళం, ప్రొపెల్లర్లు పూర్తిగా ఆగాకే తెరుచుకునే ఏర్పాటు. తిరుగుతున్న ప్రొపెల్లర్ వేలిని, కంటిని క్షణంలో తీసేస్తుంది, పిల్లలు పరుగున వెళ్లేది సరిగ్గా అప్పుడే. బ్యాటరీలు మీ దగ్గర ఛార్జ్ చేయనివ్వకండి, నిల్వ పెట్టనివ్వకండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే మెట్లదారి పొగతో నిండిపోతుంది, మీకు కిందికి దిగే దారి అదొక్కటే. కూలిన డ్రోన్‌ను వాచ్‌మన్ చేత్తో ఎత్తకూడదు. ఉబ్బిన బ్యాటరీ గంట తర్వాత కూడా మండవచ్చు. ఎవరికి ఫోన్ చేయాలో, వాళ్లు ఎన్ని నిమిషాల్లో వస్తారో గోడమీద రాసి ఉండాలి.

బైకు డెలివరీల వల్ల జరిగే రోడ్డు ప్రమాదాలతో పోలిస్తే డ్రోన్ నయం కదా అని మీ సభ్యులొకరు అడిగారట. న్యాయమైన ప్రశ్న. వందమంది కుర్రాళ్లు నిమిషాలు లెక్కపెట్టుకుంటూ బైకుల మీద పరిగెత్తడం మీద నాకూ ఆవేదన ఉంది. డ్రోన్లు వాటిలో కొన్ని ప్రయాణాలు తగ్గిస్తే ఆ మేరకు ప్రాణాలు మిగులుతాయి. అయితే రోడ్డు మీదికి వచ్చినవాడు చూసుకుని పక్కకు తప్పుకోగలడు. నెత్తిమీద నుంచి వచ్చేదాన్ని తోపుడుబండి దగ్గర జామకాయలు తూచే ఆవిడ చూడలేదు. అందుకే రెంటినీ ఒకే తక్కెడలో వేయలేం. నేనయితే సరుకు ఎంత అవసరమైనదో, దానికి వేరే దారి ఉందో లేదో చూస్తాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక నది దాటించే పంట్లు ఆగిపోతాయి, లంక గ్రామాలకు దారి తెగిపోతుంది. అప్పుడు పాముకాటు మందో, డయాలసిస్ రోగికి కావాల్సినదో నది మీదుగా డ్రోన్ తీసుకెళ్తే నేను రెండు చేతులా సాయం చేస్తాను. మణిపుర్‌లో 2021 అక్టోబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇలాగే లోక్‌తక్ సరస్సు మధ్యనున్న ఊరికి టీకాలు పంపింది. రోడ్డున 26 కిలోమీటర్లుండే దారి గాలిలో 15 కిలోమీటర్లయి, పావుగంటలోపే చేరింది. అక్కడ కింద ఉన్నది నీళ్లు, అవసరం ప్రాణం. మీ వీధి చివర మందుల కొట్టుండగా బిర్యానీ కోసం మెయిన్ రోడ్డు మీదుగా ఎగరడం దానితో సమానం కాదు.

నా సలహా ఇది. భోజనాలు, కిరాణాకు ఇప్పుడే ఒప్పుకోకండి. మందులు, శాంపిళ్లకు మాత్రం, నదివెంట దారి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లే ఏర్పాటు, పారాచూట్, మీరు రాసిన క్యాలెండర్, బీమా కాగితం ఉంటే ఆరు నెలలకు ఒప్పుకోండి. ఊళ్లో ఎక్కడైనా వాళ్ల డ్రోన్ ఒక్కటి పడినా, కారణం రాతపూర్వకంగా తేలేదాకా మీ డాబా మీద దిగకూడదని షరతు పెట్టండి. అద్దె ఎంతన్నది ఆఖరున మాట్లాడండి, ముందు ఆ అంకె వింటే సమావేశంలో మిగతా మాట ఎవరికీ వినబడదు. మీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లనూ, కింద దారిలో ఉన్న కొట్లవాళ్లనూ ఆ సమావేశానికి పిలవండి. వాళ్ల నెత్తిమీదుగానే వెళ్లేది.

కంపెనీ ఇచ్చిన రూటు మ్యాపు, మీ డాబా నాలుగు వైపుల ఫొటోలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఆర్‌టీహెచ్ ఎత్తు ఎంత పెట్టారో, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని గంటలు ఎగిరాయో, అందులో ఎన్నిసార్లు పడ్డాయో అడిగి అదీ రాయండి.